పాట సరే, తిరుగు బస్సేది?

వాదించుకున్న ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లే. మామ ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డుకు కాస్త లోపలగా ఇల్లు. మేనకోడలు పెద్ద కచేరీలకు సౌండ్ పెట్టే బృందాల్లో పనిచేస్తుంది. పని లేని రోజున టికెట్ కొనుక్కుని మరీ జనంలో నిలబడి వింటుంది. రాక్ అంటే ప్రాణం. ఎయిర్‌పోర్టు పక్కన ఆరుబయట ఏటా ఒక సంగీతోత్సవం జరగాలని ఆమె అంటుంది. జరిగితే ఊరు మీద పడుతుందని ఆయన అంటాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక మొదలైన మాటలు దీపాల వేళ దాకా నడిచాయి. విన్నంత రాశాను, తిట్లు కొన్ని తీసేశాను.

ముందు చిన్న నేపథ్యం. 2024 నవంబర్ 15న పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ ఎయిర్‌పోర్టు దారిలోని జీఎంఆర్ అరీనాలో పాడాడు. వారం ముందే రంగారెడ్డి జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి నుంచి నోటీసు వెళ్లింది. మద్యాన్ని, మత్తుమందులను, హింసను పొగిడే పాటలు పాడొద్దు, పిల్లలను స్టేజీ ఎక్కించొద్దు అని. ఆయన పాటలు మానలేదు, మందు మాట వచ్చిన చోట కోక్ అని మార్చి పాడాడు. దిల్జీత్‌ది రాక్ కాదు. అయినా వీళ్ల గొడవ మొదలైంది అక్కడే.

మామ: నోటీసిచ్చుడు తప్పెట్ల అయితది బిడ్డా? పదేండ్ల పోరగాండ్లు గూడ వస్తరాయె. మందు గొట్టు, ఎగురు అని మైకుల ఒర్రితే సర్కారు ఊకె సూస్కుంట కూసోవాల్నా?

కోడలు: మందు పాట వద్దన్నది ఎవరు మామా? 2,620 వైన్ షాపులకు లైసెన్సులిచ్చే సర్కారు. షాపు వస్తదో రాదో తెల్వని లాటరీకి దరఖాస్తు పెట్టుకునేటందుకే లక్షలు కట్టించుకుంటది, వాపస్ గూడ ఇయ్యదు. రెండు రోజులైనంక గాంధీనగర్‌ల పాడినప్పుడు దిల్జీత్ గదే అడిగిండు. అన్ని రాష్ట్రాలు మందు బంద్ చెయ్యున్రి, నేను గా పాటలే పాడను అన్నడు.

మామ: గది సర్కారు యవ్వారం. దుకాణం తప్పైతే దుకాణం తప్పు. పాటకు తప్పు లేదని ఎట్లంటవ్?

కోడలు: పాట ఇని తాగేటోడు ఎవడుంటడు? తాగేటోడు పాట లేకున్నా తాగుతడు.

మామ: అట్లనా! మరి గద్దర్ పాట ఇని ఇల్లిడిసి పోయినోళ్లు ఊరికెనే పోయిన్రా? 1990ల నిజాం కాలేజి గ్రౌండ్ల గద్దరన్న ఆడిననాడు నేనున్న. గొంగడి, కట్టె, కాళ్లకు గజ్జెలు. గా మైకుసెట్లు ఇయ్యాల్టి మీ స్పీకర్ల ముంగట ఏ పాటివి? వెనక నిలబడ్డోనికి సగం మాటలు ఇనొస్తలేవు. అయినా ముంగటోళ్లు అందుకుంటే వెనకోళ్లు అందుకున్రు. మాటకు ఏం బలం లేదంటే గవన్నీ ఉత్తయేనా? నెల్లూరు దిక్కు దూబగుంటల ఆడోళ్లు సారా దుకాణం మీదికి వొయ్యింది దేంతోని? అక్షరదీపం పుస్తకంల ఒక పాఠం సదివి. ఒక్క పాఠం! గదే పెద్దగై 1995ల ఎన్‌టీఆర్ మద్యం బంద్ వెట్టిండు. మంచి మాట మనిషిని లేపుతదంటే, చెడ్డ మాట పడగొడ్తదని ఒప్పుకోవాలె. ఒకటి నమ్మి ఒకటి నమ్మనంటే నడవది.

కోడలు కాసేపు మాట్లాడలేదు. దెబ్బ తగిలిందని నాకూ అనిపించింది. రాక్ అభిమానులు ఎక్కడైనా ఈ చిక్కులోనే పడతారు. పాట మా బతుకు మార్చిందని ఒక నోటితో, పాటను పట్టించుకోకండి అది ఉత్త సరదా అని ఇంకో నోటితో.

కోడలు: సరే మామా, బలముంది, ఒప్పుకుంట. గందుకే నోటీసంటే నాకు భయం. గద్దర్ 1985 నుంచి ఐదేండ్లు ఎందుకు దాక్కొని తిరిగిండు? గా పాటకు బలముందని సర్కారుకు గూడ ఎరికె గనుక. ఇయ్యాల కోక్ అని మార్చమన్న చెయ్యి రేపు ఇంకేం మార్చమంటదో? నువ్వు మెచ్చే పాటను, నువ్వు మెచ్చని పాటను ఆపేటోడు ఒక్కడే.

మామ: గద్దర్‌ను, మందు పాటను ఒక్క తక్కెట్ల పెడ్తవా?

కోడలు: నేను పెడ్తలేను. తక్కెడ పట్టినోడు పెడ్తడు.

ఇక్కడ ఒక మాట నేను చేర్చాలి. ఆ నోటీసులో చెవుల సంగతి కూడా ఉంది. కచేరీల్లో మోత 120 డెసిబెల్స్ దాటుతుంది, పిల్లలకు హానికరం అని రాశారు. పేపర్లు, టీవీలు మందు మాటనే పట్టుకున్నాయి. చెవి మాట ఎవరికీ పట్టలేదు. నా లెక్కలో ఆ కాగితంలో పనికొచ్చే వాక్యం అదే. దాన్ని చదివి వినిపిస్తే ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు.

మామ: ఇగో, అసలు ముచ్చట గిదీ. పోయిన చలికాలం ఒక రాత్రి మా ఇంట్ల అల్మారిల పళ్లాలు గల్లుగల్లుమన్నయ్. ఏందంటే ఏడనో బయట ఆట పెట్టిన్రు. ఎంత దూరమో తెల్వది. పాట ఇనొస్తలేదు, గిటారు ఇనొస్తలేదు. ఉత్త దమ్ము దమ్ము దమ్ము. గుండెల మీద గుద్దినట్టే. టికెట్ కొన్నోనికి పాట, కొననోనికి దమ్ము.

కోడలు: పొద్దుమాపు నెత్తి మీదికెల్లి విమానాలు పోతుంటే ఏమనవు. 2008 మార్చి నుంచి రాత్రి లేదు, పగలు లేదు. ఏడాదిల నాలుగు రాత్రులు గిటారు మోగితే ఊరు మునుగుతదా?

మామ: విమానం వస్తది, పోతది. ఒర్రుకుంట దాటిపోతది. గీ దమ్ము నాలుగు గంటలు ఒక్క కాడనే కూసుంటది. గంతే గాదు, విమానం చప్పుడు కిటికీ ఏస్తే తగ్గుతది. గిది కిటికీ ఏసినా గోడలకెల్లి వస్తది.

కోడలు: నిజమే, బాస్ గట్లనే వస్తది. సన్న చప్పుడు గోడకు తాకి ఆగుతది, లావు చప్పుడు ఆగది. ఇంకొకటి చెప్పనా? మనకు కచేరీల సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి. వాన లేదు, ఎండ లేదు అని అప్పుడే పెడ్తరు. గానీ చప్పుడు ఎక్కువ దూరం పోయేది గూడ అప్పుడే. చలికాలం పొద్దు గూకంగనే భూమి తొందరగ సల్లవడ్తది. కింద సల్లగాలి, మీద వెచ్చగాలి. మామూలుగైతే పైకి పోయే చప్పుడు గప్పుడు కిందికి వంగి వస్తది.

మామ: గందుకేనా? చలికాలం తెల్లారగట్ల ఉందానగర్ టేషన్ల రైలు కూత మా ఇంటి పక్కన కూసినట్టే ఇనొస్తది. ఎండకాలం అసలు ఇనరాదు. ముప్పై ఏండ్ల సంది ఇంటున్న, ఎందుకో ఇయ్యాల తెలిసె.

ఈ ఒక్క చోట ఇద్దరూ కాసేపు వాదన మరిచారు. ఆమె బల్ల మీద ఉప్పు డబ్బా, నీళ్ల గ్లాసులు జరిపి మైదానం పరిచింది. ఈ చివర స్టేజీ. దాని రెండు పక్కలా గొలుసుల్లా వేలాడే స్పీకర్ల వరసలు. జనం మధ్యలో సౌండ్ బల్ల. ఇంకా వెనక రెండు టవర్లు, వాటికీ స్పీకర్లు.

కోడలు: చప్పుడు సెకనుకు 340 మీటర్లు నడుస్తది. స్టేజీకి 170 మీటర్ల దూరంల ఉన్నోనికి డ్రమ్ము మీద కట్టె పడ్డది కండ్లకు ఇప్పుడు కనవడ్తది, చెవికి అర సెకను ఆగి ఇనవడ్తది. గందుకే వెనక టవర్లు పెడ్తం. పెట్టి, గా స్పీకర్లకు కావాల్నని గంతే ఆలస్యం చేసి పాట పంపుతం. ముంగటి చప్పుడు, టవర్ చప్పుడు ఒక్కపారి చెవిల పడాలె. గది కుదరకపోతే ప్రతి మాట రెండు మాటలైతది. పగటి వేడిల ఒక లెక్క పెట్టుకుంటం, రాత్రి సల్లవడ్డంక చప్పుడు నెమ్మదిగ నడుస్తది, మళ్ల సర్దుకుంటం.

మామ: టవర్లు పెడ్తే మా ఊరి దిక్కు ఇంకింత కొడ్తదిగా?

కోడలు: ఉల్టా మామా. వెనకోనికి టవర్ లేకపోతే ముంగటి స్పీకర్లే గట్టిగ ఒర్రాలె. టవరుంటే ముంగట తగ్గించొచ్చు, టవర్‌ను కిందికి వంచి జనం మీదనే కొట్టొచ్చు. దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ పడిపోతది. 50 మీటర్ల కాడ 100 ఉంటే 100 మీటర్ల కాడ 94, 200 కాడ 88, 400 కాడ 82. కరెక్టుగ పెట్టినోని ఆట మైదానం దాటి శాన పోదు. నీ ఇంట్ల పళ్లాలు మోగినయంటే గా రాత్రి పెట్టినోడు బాస్ డబ్బాలు ఎటు దిక్కు మళ్లించాల్నో సూస్కోలే.

మామ: సూడకుంటే అడిగేటోడు ఎవడు? రూలు లేదా?

రూలుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. జనావాసాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. లౌడ్‌స్పీకర్ పెట్టిన బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి మీద 10 కానీ, మొత్తం 75 కానీ, ఏది తక్కువైతే అది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. మీటరు పట్టుకుని సరిహద్దు దగ్గర నిలబడే మనిషిని మాత్రం నేను ఏ బరాత్ దగ్గరా చూడలేదు. పెళ్లి డీజేకు లేని మీటరు రాక్ కచేరీకి ఎందుకని కోడలు అడిగింది. రెండింటికీ పెట్టమని మామ అన్నాడు. దానికి ఆమె దగ్గర జవాబు లేదు.

లోపల నిలబడ్డవాళ్ల సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద స్థలాలకు ఒక ప్రమాణం పెట్టింది. ఏ 15 నిమిషాల సగటు తీసినా 100 డెసిబెల్స్ దాటకూడదు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ప్రేక్షకులకు అందుబాటులో ఉండాలి, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఒకటి ఉండాలి. పని స్థలాల్లో వాడే లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, ప్రతి 3 పెరిగినప్పుడల్లా అందులో సగం సేపే తట్టుకుంటుంది. అలా 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంట.

మామ: నా ఎడమ చెవి సూడు, సగం పనిచెయ్యది. పాత బండ్లకు ఇంజన్ డ్రైవర్ పక్కనే, ఎడమ దిక్కు ఉంటుండె. బానెట్ మీద గోనెసంచి కప్పినా గంతే. రోజుకు ఎనిమిది గంటలు గా మోత. చెవి పోయిందని చెవికే తెల్వదు బిడ్డా. ఇంట్లోళ్లు టీవీ సౌండ్ తగ్గించమన్నప్పుడు తెలుస్తది. నువ్వు పైసలిచ్చి పోగొట్టుకుంటున్నవ్.

కోడలు: నేను ప్లగ్గులు పెట్టుకుంట. పెట్టుకోనోళ్లే శాన మంది, నిజమే. గేటు కాడ పవర్ బ్యాంకు గుంజుకుంటరు, చిల్లర పైసలు గుంజుకుంటరు, రెండు ప్లగ్గులు చేతిల పెట్టరు. గదీ నాకు కోపమే.

మామ: గిన్ని తెలిసి గూడ ఎందుకే గా పిచ్చి? ఫోన్ల రాదా గదే పాట?

కోడలు: ఫోన్ల పాట వస్తది, జనం రారు. 2011ల మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఇంటర్ సదువుతున్న, ఇంట్ల పంపలే. గా కోపం ఇంకా ఉన్నది. తర్వాత బెంగళూరుకు ఎన్నిసార్లు పోయిన్నో. 2024ల అవెంజ్డ్ సెవెన్‌ఫోల్డ్ ఆడితే గూడ పోయిన. మెటల్ ఆట ముంగట నిలవడితే బాస్ కడుపుల తెలుస్తది. పక్కనోడు ఎవడో ఎరికుండది, వాని చెమట నీకు అంటుతది, ఎవడన్న కింద పడితే పదిమంది చేతులు పట్టి లేపుతయ్. గది రూలు, ఎవరు రాయలే. గద్దర్ ఆట కాడ ముంగటోళ్లు అందుకుంటే వెనకోళ్లు అందుకున్నరన్నవే, గదే ఇది గూడ.

మామ: గద్దర్ ఆట కాడ తడకలు లేవు. ఎవడు ముంగట పోతే వాడు ముంగట. మీ కాడ సిల్వర్, గోల్డు, ఫ్యాన్ పిట్టు. పైసను బట్టి పాట. ముంగట నిలవడ్డోడు పాట తెలిసినోడు గాదు, పైసలున్నోడు. 2002ల కామారెడ్డిల ధూంధాం మొదలువెట్టినప్పుడు ఎవలన్న టికెట్ అడిగిన్రా? తెల్లారేదాంక ఆట.

కోడలు: ధూంధాం వెనక ఉద్యమం ఉండె, గద్దర్ వెనక పార్టీ ఉండె. సినిమా పాట వెనక నిర్మాత ఉంటడు. ఎవరు లేని పిలగాండ్లు నలుగురు గిటారు, డ్రమ్ము పట్టుకొని సొంత పాట కట్టుకుంటే వాళ్లను ఎవరు సాకాలె? టికెట్టే సాకాలె. మన హైదరాబాద్‌లనే గాడ్‌లెస్ అని డెత్ మెటల్ బ్యాండ్ ఉన్నది, బయట పేరున్నది, వాళ్లు హైదరాబాదోళ్లని మన గల్లిల చెప్తే నమ్మరు. చౌరస్తా బ్యాండోళ్లు పల్లె మాటలతోని రెగే కట్టిన్రు. వీళ్లకు ఏడాదికొక్క పెద్ద స్టేజి దొరికితే...

మామ: దొరుకుతదా? పెద్దోడు బయటికెల్లి వస్తడు, విమానం దిగుతడు, పాడతడు, మళ్ల విమానం ఎక్కుతడు. శంషాబాద్ మట్టి గూడ తొక్కడు. స్టేజి మీద మనోళ్లు ఎవరున్నరు?

దీనికి కోడలు తల ఊపింది కానీ ఒప్పుకున్నట్టు కాదు. మాట మార్చి విమానాల దగ్గరికి పోయింది. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ నిజంగానే పైలట్. 2008లో బ్యాండును, సామాన్లను ఒక బోయింగ్ 757లో ఎక్కించుకుని తానే నడుపుతూ ప్రపంచ యాత్ర చేశాడు. ఆ యాత్రలో మొదటి ఆట ఫిబ్రవరి 1న ముంబయిలో. శంషాబాద్ రన్‌వే తెరుచుకోవడానికి అప్పటికి ఇంకా ఏడు వారాలుంది. లేకపోతే ఇక్కడే దిగేవాడని ఆమె నమ్మకం. నమ్మకానికి పన్ను లేదు.

కోడలు: అసలు గీ పండుగలన్నీ రైతుల పొలాలల్లనే మొదలైనయ్ మామా. 1969ల అమెరికాల వుడ్‌స్టాక్, పాల వ్యాపారం చేసే మాక్స్ యాస్గర్ పొలంల. నాలుగు లక్షల మంది. మన రవిశంకర్ వానల సితార్ వాయించిండు. 1970ల ఇంగ్లండుల గ్లాస్టన్‌బరీ, మైకేల్ ఈవిస్ అనే పాడి రైతు తన దొడ్లనే పెట్టిండు. ఒక్క పౌను టికెట్, దాంతోని పాలు ఫ్రీ. ఇప్పటికి గూడ గా పొలంలనే, గా ఇంటోళ్లే నడుపుతరు. కొన్నేండ్లకొకపారి ఒక ఏడాది బంద్ పెడ్తరు, గడ్డి మొలవనీకె, భూమి తేరుకోనీకె. 2018ల బంద్, మళ్ల 2026ల బంద్.

మామ: భూమికి విశ్రాంతి ఇస్తరా? పాటకాడోళ్లు?

కోడలు: ఇస్తరు.

మామ: ఎందుకిస్తరో ఎరికెనా? భూమి వానిది గనుక. రేపు గా గడ్డి వాని బర్రెలే తినాలె గనుక. గీడ ఎయిర్‌పోర్టుకు దగ్గర దగ్గర 5,500 ఎకరాలు పోయినయ్. జొన్న పండిన చెల్క, కూరగాయలు పండిన మడి అన్ని గలిపి. గిప్పుడు గా భూమి అలసిందా, దాహమైందా అని అడిగేటోడు ఎవడు? నీ ఈవిస్ అసొంటోడు ఒక్కడు గీడ తన చెల్కల పెడితే నేను వద్దనను. నేనే పోయి దారి సూపిస్త.

ఈ చుట్టుపక్కల ఖాళీ జాగా మిగలడానికి కారణం చెప్పకపోతే కథ సగమే. హిమాయత్‌సాగర్, గండిపేట చెరువుల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డం పడింది. మేడలు లేవలేదు. ఫామ్‌హౌసులు, తోటలు మిగిలాయి. నగరానికి గాలి పీల్చుకునే చోటు మిగిలిందనుకుంటే, మైకు పెట్టుకునే చోటు కూడా మిగిలింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో వచ్చింది. రేపు ఇక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తే కచేరీ ఇంకా దూరం జరగక తప్పదు, అప్పుడు ఈ వాదన కొత్తూరులో ఎవరో చేసుకుంటారు.

టీ వచ్చింది. మామ గ్లాసు పట్టుకుని అసలు విషయానికి వచ్చాడు. ఇంతసేపూ ఆయన దగ్గర దాచుకున్న అస్త్రం అదేనని నా అనుమానం.

మామ: పాట బాగుంది, సౌండ్ బాగుంది, అన్ని బాగున్నయ్. రాత్రి పదింటికి ఆట అయిపాయె. ఇరవై వేల మంది ఒక్కపారి గేటు దిక్కు మళ్లిన్రు. ఎట్ల పోతరు?

కోడలు: క్యాబులు, సొంత బండ్లు...

మామ: ఇరవై వేల మందికి క్యాబులెన్ని గావాలె, లెక్క గట్టు. మెట్రో లేదు. 2022 డిసెంబర్ల రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్లకు శంకుస్థాపన జేసిన్రు, సర్కారు మారినంక గా తొవ్వే మార్చిన్రు. ఉందానగర్‌కు ఎంఎంటీఎస్ వొచ్చింది, రాత్రి పదిన్నరకు ఎవలు నడుపుతరు? పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పదకొండున్నర కిలోమీటర్లు, ఎక్కుడు ఆరాంఘర్ కాడ, దిగుడు మెహిదీపట్నం కాడ. నడుమ ఆగుడు లేదు. గా రోడ్లన్నీ కార్లు ఉరకనీకె ఏసిన్రు, మనుషులు నడవనీకె గాదు.

కోడలు: పోయినోళ్లంత ఇంటికి చేరుతనే ఉన్నరు గదా.

మామ: చేరుతరు. మేడారం నుంచి గూడ చేరుతరు. ఎట్ల చేరుతరో నేను చెప్త. జాతరకు నేను స్పెషల్లు తోలిన. పెద్ద మైదానం మొత్తం బస్టాండు చేస్తరు. వరంగల్‌కు ఒక క్యూ, కరీంనగర్‌కు ఒక క్యూ, హైదరాబాద్‌కు ఒక క్యూ. కట్టెలతోని, ఇనుప పైపులతోని వంకరటింకర లైన్లు, తోసుకోనీకె వీలు లేకుంట. బస్సు క్యూ మూతి కాడికి వస్తది, నిండుతది, కంట్రోలర్ ఈల ఊదుతడు, పోతది, ఇంకో బస్సు. ప్రైవేటు బండ్లు పొయ్యే తొవ్వ వేరె, మళ్లొచ్చే తొవ్వ వేరె. ఆర్టీసీకి తాడ్వాయి మీదికెల్లి సొంత రోడ్డు. సమ్మక్క గద్దె మీదికి వచ్చే నాడు లక్షల మంది ఉంటరు. బస్సు కోసం పొద్దుదాంక నిలవడ్డోడు ఉన్నడు గానీ, బస్సే లేదు అన్నోడు లేడు. జాతరకు దేవత పిలుస్తది, మేం తోలుకపోతం. మీ ఆటకు టికెట్ అమ్మినోడు పిలుస్తడు, తోలుకపొయ్యేటోడు లేడు.

కోడలు: గది ఒప్పుకుంట. మేం స్టేజి ముంగట తడకలు ఎట్ల కట్టాల్నో నెలల ముంగట నుంచి గీస్తం. 2011ల గుర్గావ్‌ల మెటాలికా ఆటకు గా ముంగటి తడకలే ఆగలే. ఆట ఆపిన్రు, జనం కోపంతోని స్టేజి పగలగొట్టిన్రు. రెండు రోజులకు గదే బ్యాండు బెంగళూరుల ఆడింది, ఏం కాలే. తడక కట్టుడు తెలిసినోడు ఉంటే బతికినట్టే. గానీ గేటు బయట ఏమైతదో మా కాగితం మీద ఉండది.

మామ: గేటు కాడనే సస్తరు బిడ్డా. స్టేజి ముంగట గాదు.

ఆయన మాట గాలిలోంచి రాలేదు. 2023 నవంబర్ 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో ఆరుబయట రంగస్థలం దగ్గర కచేరీకి ముందు వాన పడింది. బయట ఉన్నవాళ్లు ఒకే దారిలోకి, మెట్ల మీదికి తోసుకొచ్చారు. నలుగురు పోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో చెన్నై శివార్లలో రెహమాన్ కచేరీకి టికెట్ ఉన్నవాళ్లే లోపలికి రాలేక గంటల తరబడి రోడ్డు మీద ఇరుక్కుని వెనక్కి తిరిగారు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది. దిల్జీత్ పాడి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. పాటలోని మాట గురించి ముందే ఆలోచించినంతగా గేటు దగ్గరి మనిషి గురించి ముందే ఆలోచించడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

మామ: ఇప్పుడు చెప్పు. గిదంత చేస్తవా, లేకుంటే ఆట వద్దంటవా?

కోడలు: వద్దని నేనెందుకంట? జర్మనీల శాన ఆటలకు టికెట్‌లనే బస్సు చార్జి, రైలు చార్జి కలిపి ఉంటది. గా టికెట్ సూపెట్టి ఎక్కుడు, దిగుడు. కోల్డ్‌ప్లే అహ్మదాబాద్‌ల ఆడినప్పుడు, 2025 జనవరిల, ముంబయి నుంచి రైల్వేవోళ్లు స్పెషల్ రైళ్లు తోలిన్రు. ఈడ గూడ ఆర్టీసీని ముంగటనే అడగాలె. ఎల్‌బీ నగర్‌కు ఒక క్యూ, మెహిదీపట్నంకు ఒక క్యూ, గచ్చిబౌలి ఔటర్ మీదికెల్లి ఒక క్యూ. నీ మేడారం లెక్కనే.

మామ: సెప్పుడు సులువు. రాత్రి పదింటికి రెండు వందల బండ్లు నిలబెట్టాల్నంటే సాయంత్రం నుంచే తెచ్చి పెట్టాలె. వచ్చేటప్పుడు ఖాళీ. ఆట సాగినంత సేపు క్రూ ఊకె కూసుంటది. జనాన్ని దింపి డిపోకు మళ్లేటప్పుడు మళ్ల ఖాళీ. డెడ్ మైలేజీ అంత ఎవడు గట్టాలె? ఓఆర్, అంటే సీట్ల నిండుదల, ఎంత వస్తది?

కోడలు: టికెట్ మీద వంద రూపాయలు కలుపుదాం. వేలు పెట్టి కొన్నోడు వందకు ఏడుస్తడా?

మామ: వంద సాలది. నూటయాభై. గదీ ఫ్యాన్ పిట్టోనికి, సిల్వరోనికి ఒక్కటే రేటు గాదు.

కోడలు: బస్సుల గూడ సిల్వర్, గోల్డు పెడ్తవా మామా?

మామ: ఎక్కుడు అందరొక్కటే. ఇచ్చుడు ఉన్నోడెక్కువ, లేనోడు తక్కువ. కాగితం తే, లెక్క రాసుకుందాం. నా కళ్లద్దాలేవి? గా ఇరవై వేలల్ల ఎంతమంది బండి మీద వస్తరో ముందు గది చెప్పు.